ఏలూరు రొట్టె

పదమూడేళ్ళపాటు మా పేట చర్చిలో ప్రభువు బల్ల మీద పెట్టిన రొట్టె నేను కాల్చిందే. నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, మిషను వాళ్ళిచ్చిన గోధుమపిండి కలిపి పెనం మీద కాల్చేదాన్ని. పాస్టరు అయ్యగారు దాన్ని విరిచి "ఇది నా శరీరము" అని చదువుతుంటే, ఊడ్పులకు వెళ్ళే ఈ విక్టోరియా చేతికి ఇంతకన్నా ఏం గొప్ప కావాలి అనుకునేదాన్ని. నా వెర్రి కాకపోతే!

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో పెద్దరైతు అచ్యుతరావుగారు భార్యతో సహా బాప్తిస్మం తీసుకున్నారు. మా మాలపేటంతా పండగ చేసుకుంది. ఆ వారమే నిత్యానందం అయ్యగారు మా గుమ్మం ముందు నిలబడి, "ఇకమీదట రొట్టె ఏలూరు నుంచి తెప్పిద్దామమ్మా," అన్నారు.

"నా రొట్టెకేమైందండీ?"

"వాళ్ళు కొత్తవాళ్ళు. మన పేట వంట తినడం అలవాటు లేదు. మనమే కొంచెం సర్దుకోవాలి కదమ్మా."

అప్పటినుంచి ఏలూరులో మొహిద్దీన్ గారి కొట్టులో కాల్చిన రొట్టె పడవలో వచ్చేది. సాయిబుగారి చెయ్యి పనికొచ్చింది. ఆయన మీద నాకేం కోపం లేదు. నా చేతుల్ని చూసుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

సెప్టెంబరులో కొల్లేరు పొంగి పడవ రాలేదు. ఆదివారం పొద్దున్నే అయ్యగారు గొడుగేసుకుని పరుగున వచ్చారు.

"ఈ ఒక్కసారికీ నువ్వే చెయ్యమ్మా. ఎవరితోనూ అనకు."

కుదరదని చెప్పబోయాను. నా కూతురు దేవకుమారి అప్పటికే పొయ్యి అంటిస్తోంది. "అయ్యగారి కోసం కాదమ్మా, ప్రభువు బల్ల కోసం," అంది. చేశాను.

ఆరాధనలో అచ్యుతరావుగారు ముక్క నోట్లో వేసుకుని, "ఇవాళ రొట్టె కమ్మగా ఉందండీ. ఇంత వరదలోనూ ఏలూరు నుంచి తెప్పించారా?" అనడిగారు.

"అవునండీ," అన్నారు అయ్యగారు, పళ్ళెం చేతిలో ఉండగానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి, "కాదండీ, నేను కాల్చిందండీ," అన్నాను.

అచ్యుతరావుగారు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని ఉమ్మేశారు. ప్రభువు శరీరాన్ని!

సాయంత్రం అయ్యగారు వచ్చి, ఆరాధనలో గలభా చేసినందుకు మూడు నెలలు నన్ను బల్లకు దూరంగా ఉంచుతున్నామని చెప్పారు.

"మరి ఉమ్మినాయన్నండీ?"

"ఆయన విశ్వాసం ఇంకా లేతదమ్మా."

"అబద్ధమాడిన మిమ్మల్నండీ?"

అయ్యగారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మరుసటి నెల నేను వెనక గోడకానుకుని కూర్చున్నాను. ఏలూరు రొట్టె ముందు అచ్యుతరావుగారికీ ఆయన భార్యకూ, తరువాత మా పేటవాళ్ళకు అందింది. మా వాళ్ళలో ఒక్కరైనా వద్దంటారేమోనని చూశాను. అందరూ చేతులు చాపారు. దేవకుమారి కూడా చాపింది.

ఇంటికొచ్చాక, "ఎలా మింగుడుపడిందే నీకు?" అని అడిగాను.

అది తల దించుకుని, "నన్నూ బల్లకు దూరం చేస్తారని భయమేసి తిన్నానమ్మా," అంది.