పాప తల మీద ఇత్తడి దేవుళ్ళు

మొన్న భూమి కదిలింది. చిన్నదేనట. గ్లాసుల్లో నీళ్ళు వణికాయి, గోడమీది ఫోటో వంకరపోయింది, అంతే. ఆస్ట్రేలియాలోని ఈ ఫిలిప్ ఐలండ్‌లో మా పక్కింటివాళ్ళు మర్నాటికే మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. ఈ దీవి నుంచి బయటికి ఉన్నది ఒక్కటే వంతెన. అది కూలితే ఆంబులెన్సు ఎటునుంచి వస్తుంది?

అందుకే మంచాల కింద చెప్పులు పెట్టాను. క్యాన్లలో నీళ్ళు పట్టాను. బీరువాని గోడకి బిగించాను. మిగిలింది మా అత్తగారు సీతారావమ్మ గారి దేవుళ్ళ అలమార.

ఆవిడ తెనాలి నుంచి విగ్రహాలు మోసుకొచ్చి, ఈశాన్యం ఎటో వెతికి, తనూ మా అమ్మాయి లిఖితా పడుకునే గదిలో ఎత్తైన అలమార పైఅరలో పెట్టారు. సరిగ్గా దాని కిందే లిఖిత తల.

"అత్తయ్యా, అలమారని బెల్టుతో గోడకి కట్టేస్తాను," అన్నాను.

"దేవుణ్ణి కట్టేస్తావా? ఏం, దొంగా ఆయన?"

"ఆయన్ని రోలుకి కట్టలేదా వాళ్ళమ్మ?"

"ఆవిడ తల్లి."

"నేనూ తల్లినే."

"నోరు మాత్రం బాగా లేస్తుంది! పూజ చేసిన పీఠానికి డ్రిల్లు పెడతావూ? మీవాళ్ళు ఇదేనా నేర్పింది?"

"పోనీ విగ్రహాలు కింది అరలో పెట్టండి."

"ఒకసారి పెట్టాక కదపకూడదు."

మా ఆయన యోగానంద్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. "అమ్మ ఉండేది ఇంకో నెల. అడ్జస్ట్ అవ్వవే. ఆస్ట్రేలియాలో భూకంపాలేంటి, నీ పిచ్చి గానీ."

"అయితే మంచాలు మార్చండి. పాప మంచంలో అత్తయ్య, అత్తయ్య మంచంలో పాప," అన్నాను.

అత్తగారు గడ్డం ఎత్తారు. "నాకేం భయం? ఆయన నీడలో పడుకోవడం నా అదృష్టం."

"బామ్మా, యూ కెన్ హ్యావ్ మై టెడ్డీ," అంది లిఖిత.

మధ్యాహ్నం భోజనం కాగానే ఆవిడ ఆ మంచం ఎక్కారు. కాసేపటికి మడతపెట్టిన బట్టలు తీసుకుని ఆ గదిలోకి వెళ్ళాను. ఆవిడ గురక పెడుతున్నారు. దిండు మాత్రం మంచం ఈ చివరికి వచ్చేసింది. తల తలుపు వైపు, కాళ్ళు దేవుళ్ళ వైపు. పాప పొరపాటున అటు కాలు చాపినా చెంపలు వేయించే మనిషి!

లేచాక, "ఆ పరుపు నాకు పడలేదే. నడుం పట్టేసింది. పాప మంచం పాపకే ఉంచు," అన్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. "దిండు ఎందుకు మార్చారు?"

ఆవిడ మొహం మాడిపోయింది. "వెలుతురు కళ్ళల్లో పడుతుంటే!"

కర్టెన్ వేసే ఉంది. డ్రిల్లు తెచ్చి ప్లగ్గులో పెట్టాను.

"యోగీ! చూస్తున్నావా నీ పెళ్ళాం పని? ఈ ఇంట్లో ఇక పచ్చిమంచినీళ్ళు ముట్టను!"

"ముట్టకండి. మీ తలకి భయమైన చోట నా కూతురి తల పెట్టను."

యోగానంద్ వచ్చాడు. వాళ్ళమ్మని చూశాడు, దిండుని చూశాడు. అలమారని రెండు చేతులా పట్టుకున్నాడు. గోడపొడి విగ్రహాల మీదా మా మీదా రాలింది.

బెల్టు బిగిశాక అత్తగారు తడిగుడ్డతో ఒక్కో విగ్రహాన్నీ తుడిచారు, నన్ను తిడుతూనే.