చుట్టుకుపోయిన పురుగులు

కొర్రమట్ట చేప కడుపు చీల్చి, పర్శరాములు పేగులను పళ్ళెంలోని ఉప్పునీళ్ళలోకి జార్చాడు. కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటే పొడుగ్గా పెంచాడు. పేగును ఆ గోటితో గీకితే తెల్లటి దారప్పోగుల్లాంటి పురుగులు బయటపడతాయి. కరీంనగర్ కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో అటెండరుగా చేరిన ఈ ఎనిమిదేళ్ళలో ఆ చేతికి చేపకంపు వదల్లేదు. భార్య సత్తవ్వ రెండుసార్లు కడిగించందే అన్నం పెట్టదు.

పక్కన స్టవ్వు మీద వేడినీళ్ళు, వాటిలో స్పిరిట్ గిన్నె. బతికున్న పురుగును వేడి స్పిరిట్‌లో వేస్తే నిటారుగా చాచుకుని చస్తుంది. చల్లటిదాంట్లో వేస్తే మెలికలు తిరిగి ఎందుకూ పనికిరాదు. ఈ కిటుకు లెక్చరర్ సారుకు తెలుసు, తనకు తెలుసు. దేవదాసుకు తెలియదు.

దేవదాసు ఆర్నెల్ల కింద రెండో అటెండరుగా వచ్చాడు. ముప్పయ్యేళ్ళవాడు, మెట్రిక్ పాసయ్యాడు. స్పిరిట్‌లో సిరా కరిగిపోతుందని పెన్సిల్‌తో ఇంగ్లీషు చీటీలు రాసి సీసాల్లో వేస్తాడు. చేప ఏది, ఏ వాగుది, పురుగు తీసిందెవరు. పళ్ళెం జోలికి మాత్రం రాడు. సారు గదిలోకి వస్తూనే ఇప్పుడు అతన్నే పిలుస్తున్నాడు. పర్శరాములుకు చదువు రాదు. తను తీసిన పురుగులన్నిటి మీదా దేవదాసు తన పేరే రాసుకుంటున్నాడని తీర్మానించుకుని, లోలోపల కుళ్ళిపోయాడు. అడగడానికి మాత్రం నామోషీ.

ఇవాళ్టి సీసా మామూలుది కాదు. ఆఫ్రికా మంచినీటి చేపల్లో పురుగులను చూసిన దొర ఒకాయన, మానేరు వాగు చేపల్లోనూ అవే ఉన్నాయేమో చూస్తాను పంపమని సారుకు ఉత్తరం రాశాడు. మానేరు ఎండుతున్నది. వానలు పడేదాకా ఇదే ఆఖరి కొర్రమట్ట.

సారు క్లాసులో ఉండగా దేవదాసు పళ్ళెం దగ్గరికి వచ్చి, ఈ ఒక్కటి తన చేత్తో చేస్తానన్నాడు. పన్నెండు పురుగులు ఏరి, బీరువాలోని చల్లటి స్పిరిట్ సీసా అందుకున్నాడు.

"కాకా, గిండ్లనే ఎయ్యాల్నా?"

పర్శరాములు స్టవ్వుకు అడ్డంగా జరిగాడు. "ఎయ్యి."

పురుగులు గిలగిలా కొట్టుకుని ఉంగరాల్లా చుట్టుకుపోయాయి. పర్శరాములుకు ఆర్నెల్ల తర్వాత మొదటిసారి ప్రాణం హాయిగా ఉంది. దేవదాసు ఏమీ ఎరగక చీటీ వేసి మూత బిగించాడు. బెల్లంపల్లి బొగ్గుగనుల ఆఫీసులో గుమాస్తా కొలువు దొరికిందని, మధ్యాహ్నం బస్సుకే పోతున్నానని అప్పుడు చెప్పాడు. పర్శరాములు కంపుచేతిని దేవదాసు తన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"యాదికుంటదని ఒక్కటి చేసిన కాకా. పోయొస్త."

సాయంత్రం సారు సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఏంది పర్శరాములూ? ఎనిమిదేండ్ల సంది ఒక్కటి పాడుచెయ్యలే. గిది గిట్లెందుకు చేసినవ్?"

తను కాదు, దేవదాసు అని చెప్పబోయాడు. సారు చీటీ మీద వేలు పెట్టాడు. అన్నిటి మీదా ఉన్నట్టే దీని మీదా నీ పేరే ఉంది కదా, ఇంకెవరు చేస్తారన్నాడు. పర్శరాములు అరల్లోని పాత సీసాలకేసి చూశాడు. బెల్లంపల్లి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

దొరకు ఈ ఏడు పంపలేమని రాస్తానంటూ సారు సీసాను పై అరలో పెట్టి వెళ్ళిపోయాడు. లోపల పన్నెండు ఉంగరాలు, వాటి నడుమ చీటీ. పెన్సిల్ రాత గనక ఒక్క అక్షరమూ చెదరలేదు.