తోమిన బాకా

బావ చెయ్యి చెంప మీద పడ్డప్పుడల్లా గ్రీజు వాసన వేసేది.

దెబ్బ కాసేపట్లో మాసిపోయేది. వాసన సాయంత్రం దాకా ఉండేది.

ఆ బావను అందరూ ముల్లు మేస్త్రీ అనేవారు. గ్రామఫోను ముల్లు మార్చడంలో అంతటివాడు లేడని పేరు. ఏడో తరగతి సగంలో ఉండగా ఈ బావమరిదిని బడి మాన్పించి, తన రిపేరు కొట్లో కూర్చోబెట్టింది ఆ ముల్లు మేస్త్రీయే. "చదివి ఎవర్ని ఉద్ధరించాలిరా... ఈ స్ప్రింగు పట్టుకో," అన్నాడు.

పట్టుకున్నాడు. ఇంకా వదల్లేదు.

బావ పోయి పదకొండు నెలలైంది. కోపం పోలేదు. అదీ ఇప్పుడు కోపంలా లేదు. నిలవనీటి మీద నాచులా ఉంది — కదలదు, పారదు, ఉంటుంది.

బావమరిదికి ఇప్పుడు యాభై రెండేళ్ళు. వేలం హాలులో ధర చెప్పే మనిషి. ధరాయన అంటారు.

అమ్మకానికొచ్చిన పాత ఫోనోగ్రాఫులు, గ్రామఫోన్లు ముందు అతని బల్ల ఎక్కుతాయి. చూస్తాడు. తాకుతాడు. మూత ఎత్తి వాసన చూస్తాడు. తర్వాత ఒక అంకె వేస్తాడు, ఒకటి నుంచి అయిదు లోపల. ఒకటంటే ఎవరి చెయ్యీ పడనిది. అయిదంటే విప్పి ముక్కలుగా అమ్ముకోవలసింది. అంకె పక్కన అంచనా ధర.

కీ ఇస్తాడు. లోపల స్ప్రింగు గుబుక్కుమంటే గ్రీజు గట్టిపడిందని లెక్క. రికార్డు అంచు కింద కాగితం ముక్క దోపి, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెడతాడు. నిమిషానికి డెబ్బై ఎనిమిది ఉండాలి. చుట్లే వింటాడు. పాట విని ఎన్నేళ్ళయిందో... గుర్తులేదు.

స్క్రూల తలలు చూస్తాడు. గాడి నలిగి ఉంటే ఎవరో విప్పారు. శబ్దం పుట్టే అభ్రకం రేకును గోటితో మీటుతాడు. పగిలిన రేకు పొడిదగ్గు దగ్గుతుంది.

అన్నిటికన్నా ముందు పైపొర చూస్తాడు.

వందేళ్ళ పొగ. చేతుల చెమట. వానల చెమ్మ. అన్నీ కలిసి ఇత్తడి మీద ఎండుటాకు రంగులో ఒక పొర కడతాయి. తెలియనివాళ్ళు దాన్ని మురికంటారు. తెలిసినవాళ్ళు దానికే డబ్బిస్తారు.

అందుకే అమ్ముతామని ఫోను చేసిన ప్రతి మనిషికీ, ఇరవై ఏళ్ళుగా, అతను మొదట చెప్పే మాట ఒకటే.

చెయ్యి పెట్టకండి. ఎలా ఉన్నది అలా తీసుకురండి.

ఆ రోజు పొద్దున అక్క వచ్చింది. ముల్లు మేస్త్రీ భార్య. అరవై రెండేళ్ళది. పాత దుప్పటిలో చుట్టిన పెట్టెను, నిద్రపోయే పిల్లను దించినట్టు బల్ల మీద దించింది.

"జాగ్రత్తరా. నీ చేతులు మొరటు."

"ఈ చేతులతోనే బతుకుతున్నానక్కా."

"చూస్తున్నాగా. టీ గ్లాసుకి కూడా రెండు చేతులూ కావాలి నీకు."

నవ్వింది. అతనూ నవ్వాడు... నవ్వినట్టు మూతి కదిలింది.

అది బావ గ్రామఫోను పెట్టె. ఎవరెంత అడిగినా అమ్మకుండా నలభై ఏళ్ళు కొట్టు ముందు పెట్టుకున్న పెట్టె. పైన ఇత్తడి బాకా. బాకా లోపల ఎవరో చేత్తో గీసిన తీగ — ముదురాకుపచ్చ తీగ, అంచు దగ్గర మొదలై గొంతు చీకట్లోకి పాకిపోతుంది. పంతొమ్మిది ఆకులు. బడి మానిన మొదటి ఏడాది లెక్కపెట్టాడు. లెక్కపెట్టడానికి ఇంకేమీ లేక. ఇరవయ్యో ఆకు సగమే ఉంటుంది. గీసినవాణ్ని ఎవరో పిలిచారేమో... లేచి వెళ్ళి మళ్ళీ రాలేదేమో.

అలాంటి బాకా అతని బల్ల మీదికి ఇంకొకటి రాలేదు. అందుకే చూడకుండా ధర రాశాడు. ఇరవై ఏళ్ళలో ఒక్క అక్క పెట్టెకే, కంటితో చూడకుండా, జ్ఞాపకం మీద రాశాడు. రెండు లక్షల నలభై వేలు. వేలం జాబితాలో అచ్చయిపోయింది కూడా.

అక్కకు రెండు లక్షలు చాలు. కొట్టు వెనక రెండు గదులు, నలభై రెండేళ్ళ కాపురం. ఇంటి యజమాని అమ్మేస్తున్నాడు. నెలాఖరులోగా రెండు లక్షలు చేతిలో పెడితే గదులు నీ పేరే రాస్తానన్నాడు. లేదంటే సామాను బయట పెట్టుకోవాలి.

దుప్పటి ముడి విప్పాడు.

నిమ్మకాయ వాసన.

బాకా మెరిసింది. కిటికీలోని ఎండ దాని మీద పడి అతని కళ్ళలో గుచ్చుకుంది. కొత్త చెంబులా ఉంది. లోపలికి చెయ్యి పెట్టాడు. బొటనవేలు నున్నగా జారింది.

ఆకు లేదు.

ఇంకాస్త లోపలికి. ఆకు లేదు.

గొంతు దాకా వెళ్ళింది వేలు. సగం ఆకు కూడా లేదు.

"నాలుగు రోజులు పట్టింది," అంది అక్క. "నిమ్మచెక్కా, బూడిదా. బయట తొందరగానే వచ్చింది గానీ లోపలే... గరుగ్గా ఏదో పేరుకుపోయి ఉంది. చెంచా అంచుతో గీకితే గానీ వదల్లేదు. భుజం పడిపోయిందనుకో."

ఆమె వేళ్ళు చూశాడు. కొసలు నల్లబడి, చీలి ఉన్నాయి.

ఏమీ అనిపించలేదు. ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు ఆగి చూశాడు. చినుకు పడుతుందేమోనని అరచెయ్యి చాపినట్టు...

పడలేదు.

"బాగుందా?"

"మెరుస్తోందక్కా."

మూడు వారాల కిందటి ఫోను గుర్తొచ్చింది. "మసిబారి అసహ్యంగా ఉందిరా, నలుగురిలో పెట్టాలంటే సిగ్గుగా ఉంది. కాస్త తోమనా?" అంది అక్క ఆ రోజు. అతను టీ తాగుతున్నాడు.

"నీ ఇష్టం అక్కా," అన్నాడు.

నీ ఇష్టం. ఊరందరికీ చెప్పే మాట తోబుట్టువుకు చెప్పలేదు.

కీ ఇచ్చాడు. స్ప్రింగు మెత్తగా, వెన్నలా బిగిసింది. కాగితం ముక్క దోపి లెక్కపెట్టాడు. సరిగ్గా డెబ్బై ఎనిమిది. స్క్రూల గాడులు నిన్న చేసినట్టున్నాయి. బావ చేతి పని. లోపల వంక పెట్టడానికి లేదు. పైన మెచ్చుకోవడానికి లేదు.

చీటీ మీద రాశాడు — నాలుగు.

మధ్యాహ్నం హాలు నిండింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ప్లాస్టిక్ కుర్చీలు కిర్రుమంటున్నాయి. కొనేవాళ్ళు ఒక్కొక్కరే బల్ల దగ్గరికి వచ్చారు. బాకాలో వేలు పెట్టారు. వేలు తీశారు. జాబితా మూసుకున్నారు.

"తోమేశారు," అన్నాడొకడు పక్కవాడితో. చావు కబురు చెప్పే గొంతుతో అన్నాడు.

అక్క మూడో వరసలో కూర్చుంది. పెట్టె వంతు వచ్చింది, అంకె చదివారు. ఆమె పక్కన పాత గడియారాలు కొనే పెద్దాయన ఉన్నాడు.

"నాలుగంటే మంచిదేనాండీ?"

ఆయన బాకా వైపు చూశాడు. ఆమె వేళ్ళ వైపు చూశాడు.

"మీదామ్మా?"

"మాదే."

"మంచిదే లెండి," అన్నాడాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

పాట ఇరవై వేల దగ్గర మొదలైంది. ఇరవై రెండు. ఇరవై అయిదు. తర్వాత చాలాసేపు ఫ్యాన్ల చప్పుడే. చివరికి హోటళ్ళకు సామాను కొనే పొడుగాయన చెయ్యెత్తాడు. ముందు గదిలో పూలకుండీ పక్కన పెడితే అద్దంలా ఉంటుందన్నాడు.

ముప్ఫై రెండు వేలు.

సుత్తి పడింది.

వరండాలో అక్క గోడకానుకుని నిలబడి ఉంది.

"రెండు లక్షల నలభై అన్నది నువ్వేగా."

"తప్పు చెప్పానక్కా."

"మిగతావాళ్ళ పెట్టెలన్నీ నువ్వు చెప్పిన ధరకే పోయాయి. కూర్చుని చూస్తూనే ఉన్నాను. నా దగ్గరికొచ్చేసరికే తప్పొచ్చిందా?"

చెప్పొచ్చు. ఒక్క మాట. నువ్వు గీకింది మురికి కాదక్కా, అని. ఆ మాట ఆమె చెవిలో ఆగదు. చేతుల్లోకి దిగుతుంది. రేపు ఆ చేతులతోనే ముఖం కడుక్కోవాలి. ఆ చేతులతోనే రెండు గదుల సామాను కట్టుకోవాలి.

"చూడకుండా చెప్పాను," అన్నాడు. "నాదే తప్పు."

అక్క అతన్ని చూసింది. పెట్టెను అతను చూసే చూపుతో చూసింది. అంకె వేసేముందు చూపు.

"మీ బావ మీద కసి," అంది. నెమ్మదిగానే అంది. "ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ఒక్క మాట అనలేకపోయావు. పోయాక ఆయన పెట్టె మీద తీర్చుకున్నావు. బడి మాన్పించాడని నలభై ఏళ్ళు మోశావు కదరా. ఇక దించుకో."

అతను కాదనలేదు.

అక్క దుప్పటి దులిపింది. మడిచింది. మళ్ళీ మడిచి చంకలో పెట్టుకుంది. బండికి డబ్బులిస్తానంటే వెనక్కి తిరగలేదు. మెట్లు ఒక్కొక్కటే, గోడ పట్టుకుని దిగింది.

అబద్ధమని తెలిసీ కాదనలేదా... అబద్ధమో కాదో తెలియక కాదనలేదా...

నీ ఇష్టం అన్న రోజును మళ్ళీ తీసి చూశాడు. టీ వేడిగా ఉంది. నాలుక కాలింది. అంతే గుర్తుంది. చెప్పడం మరిచాడా? మరిచాననే అనుకున్నాడు. లోపలికి, ఇంకా లోపలికి తడిమి చూశాడు. ఏదైనా గరుగ్గా తగులుతుందేమోనని.

నున్నగా ఉంది. ఎటు తడిమినా నున్నగా ఉంది.

"ధరాయనా, రిజిస్టరు," అని పిలిచారు లోపల్నుంచి.

అంచనాకూ అమ్మకానికీ తేడా వేసే గడి ఒకటుంటుంది. అది అతనే నింపాలి. అతని తేడా ఏనాడూ అయిదు వేలు దాటలేదు. హాలు యజమాని వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏమైందయ్యా ఈసారి?"

"చూడలేదండీ."

పెన్ను తీశాడు. వీధిలో ఏదో బండి కదిలిన చప్పుడు. అక్కదో, ఇంకెవరిదో. తల ఎత్తలేదు. గడిలో రాశాడు.

రెండు లక్షల ఎనిమిది వేలు.