ఇల్లరికం వెళ్ళిన ఎలుక

మా మనవరాలు ఎలుకలకు పెళ్ళిళ్ళు చేసే ఉద్యోగంలో చేరిందని వీధిలో అందరికీ చెప్పేశాను. అది విని నవ్వలేక చచ్చింది. "అమ్మమ్మా, అది పరిశోధనశాల. నీ నోట్లో పడి పెళ్ళిళ్ళ బ్యూరో అయిపోయింది" అంది.

చేసే పని అదే కదా మరి! ఆ ఎలుకల వంశంలో, చర్మాన్ని లోపలి పొరకు అతికించి ఉంచే జన్యువును శాస్త్రజ్ఞులు తీసేశారట. తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ కూడా ఆ లోపం వచ్చిన పిల్లకు ఒళ్ళంతా పొక్కులు. గట్టిగా పట్టుకుంటే తోలు ఊడి వస్తుంది. ఒక్కవైపు నుంచే వచ్చినవి మాత్రం నిక్షేపంగా ఉంటాయి. అలాంటి రెండింటిని జతకడితే పుట్టే నాలుగు పిల్లల్లో ఒకదానికి జబ్బు రావచ్చు. ఆ పిల్లలకు కొత్త పూతమందు వేసి చూడాలని వాళ్ళ పెద్దమేడం ఎదురుచూస్తోంది.

ఆవిడకంటే పాతది నా ఎదురుచూపు. నా చెల్లెలు ఆ జబ్బుతోనే పుట్టింది. ఒక్కసారి ఎత్తుకుంటానని ఏడ్చేదాన్ని. ఎత్తుకోకముందే వెళ్ళిపోయింది. ఆ జబ్బుకొక పేరుందని, పెద్దదాన్నయ్యి పుస్తకాలు కూడబలుక్కుని చదవడం వచ్చాక తెలిసింది.

ఇప్పుడు చూస్తే జతకట్టడానికి మగ ఎలుక ఒక్కటే మిగిలింది. తక్కినవి ముసలివైపోయాయి.

"రేపు ఆడదాన్ని వాడి పెట్టెలో వెయ్యాలి" అంది మనవరాలు టీ తాగుతూ.

"ఎప్పుడూ ఆడపిల్లే ఇల్లు వదలాలా? ఎలుకల్లో కూడానా?"

"అది రూలు, అమ్మమ్మా."

"ఎవడు పెట్టాడే ఆ రూలు?"

"పెద్దమేడమే నేర్పింది."

"అయితే ఆవిడకి అత్తగారి పోరు లేదన్నమాట. పుట్టిల్లు వదిలిన బెంగతో ఆ పిల్లకి తిండి సయిస్తుందా? కాన్పు నిలుస్తుందా? ఈసారికి వాణ్ణే ఇల్లరికం పంపు."

నేను పట్టు పడితే వదిలే రకం కాదు. అదా, పనికి కొత్త. ఏ పెట్టె అయితేనేంలే అనుకుంది.

మర్నాడు ముఖం మాడ్చుకుని వచ్చింది. "నీ పెళ్ళికూతురు వాణ్ణి పీకి పాకం పెట్టింది. తన పెట్టెలోకి పరాయివాడొస్తే ఊరుకోదట. అందుకే ఆ రూలు."

"బతికున్నాడా?"

"ఉన్నాడు, మూల ముడుచుకుని. గాయాలు చీము పడితే మా దగ్గర ఈ వంశం ఆఖరు. మళ్ళీ తయారు చెయ్యాలంటే ఏళ్ళు పడుతుంది."

"మేడంకి ఏం చెప్పావే?"

"నిజమే చెప్పా. మా అమ్మమ్మ సలహా అని."

"ఏమంది?"

"మీ అమ్మమ్మని ఎలుకలకి దూరంగా ఉంచమంది."

అప్పట్నుంచీ రోజూ దాన్ని గుమ్మంలోనే ఆపి అడిగేదాన్ని. "అల్లుడుగారెలా ఉన్నారే?"

"తింటున్నారు, తాగుతున్నారు. నీ మీద కోపంగా ఉన్నారు."

గాయాలు ఎండాయి. ఆడ ఎలుకను వాడి పెట్టెలో వేశారు. ఈసారి నేను నోరు మెదపలేదు. అది వెళ్ళి, గూడంతా వాసన చూసి, చింపిన కాగితాల పరుపు మీద వాడి పక్కనే హాయిగా పడుకుందట! బెంగా లేదు, పాడూ లేదు. నాకే ఎందుకో కాస్త చిన్నతనంగా అనిపించింది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"అమ్మమ్మా, పిల్లలు పుట్టాయి! రెండింటి పాదాల మీద పొక్కులున్నాయి!"

వెనక పెద్దమేడం ఎవరితోనో గట్టిగా నవ్వుతూ చెప్తోంది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నదీ అదే. "శుభం" అనబోయాను. పసిగుడ్లు పొక్కులతో పుట్టాలని నేనేనా కోరుకున్నది!

"విన్నావా, అమ్మమ్మా?"

"వాళ్ళమ్మ వాటిని దగ్గరికి రానిస్తోందా?"

"ఆఁ, అన్నిటితోపాటు వాటికీ పాలిస్తోంది."

"మరి నొప్పో?"

"దానికి వేరే మందుంది. పూత ఇవాళే మొదలు."

"మరి నాతో ఈ ముచ్చట్లేంటే? ఫోను పెట్టేసి వెళ్ళు. మెల్లిగా పుయ్యి."