మొక్కిన పుంజు

ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే ఈ పనిలో చేరినప్పుడు మాకు శిక్షణ ఇచ్చారు. గేటు బయట నిలబడి పిలవాలి, లోపలివాళ్లు పలికాకే అడుగు పెట్టాలి, కుక్క ఉంటే కట్టేయమనాలి. అన్నీ చెప్పారు గానీ కోడిపుంజు సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఆ చెప్పినవాళ్లను లక్సెట్టిపేటలో రాయమల్లు తాత ఇంటికి ఒక్క పూట పంపితే తెలిసేది.

తాతకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినప్పుడు, ఆయన భార్య శంకరవ్వ పోచమ్మకు మొక్కుకుంది. "మా ఆయన నడిస్తే గీ పుంజును నీకు కోస్త తల్లీ" అని. మొక్కిన పుంజును కొట్టకూడదు, అమ్మకూడదు. దాంతో అది కొత్తల్లుడి మర్యాదలు అనుభవిస్తూ, వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్ల పిక్కలూ పొడిచేది. ముఖ్యంగా నావి. తాతను నడిపించడానికి వచ్చేది నేనేనని దానికి తెలుసని నా అనుమానం. శంకరవ్వ దాన్ని గంప కింద మూస్తే తప్ప నేను గడప దాటింది లేదు.

డాక్టరేమో ఈపాటికి నడవాలి అంటాడు. తాత మాత్రం నేను పట్టుకుంటే లేస్తాడు, వదిలితే మంచం మీద కూలబడతాడు. "నాతోని కాదు బిడ్డా" అంటాడు. ఆయనను లేపీ కూర్చోబెట్టీ శంకరవ్వ నడుము పట్టేసింది. లోపం నా పనిలోనే ఉందేమోనని నాకూ దిగులు పట్టుకుంది.

ఆ రోజు గేటు దగ్గర ఎంత పిలిచినా శంకరవ్వ పలకలేదు. పుంజు వాకిట్లో పహరా కాస్తోంది. ఫోన్ చేస్తే అంగడిలో ఉంది. "తాత ఉన్నడు గదా బాలలక్ష్మీ, ఇప్పుడే వస్తున్న" అంది. మళ్లీ పిలిచాను. లోపలి నుంచి తాత గొంతు ముద్దముద్దగా వినిపించింది.

"బర్రెకు కుడితి పెట్టిండ్రా?"

ఆ ఇంట్లో బర్రె లేదు. తాత షుగర్ మాత్రలు మింగే మనిషి. షుగర్ పడిపోయినవాళ్లు ఇలాగే మాట్లాడతారు. 108కు ఫోన్ చేశాను. సంచిని పిక్కలకు అడ్డం పెట్టుకుని, పోచమ్మకు దండం పెట్టి లోపలికి ఉరికాను. పుంజు సంచిని వదిలేసి నా చెయ్యి పొడిచింది.

తాత మంచం మీద చెమటతో తడిసిపోయి ఉన్నాడు. మిషన్ పెట్టి చూస్తే, అనుకున్నట్టే షుగర్ బాగా పడిపోయింది. మింగగలుగుతున్నాడు కాబట్టి ఆనించి కూర్చోబెట్టి చక్కెర నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాను. వెనక పుంజు నా మడమ పొడుస్తూనే ఉంది. కదిలితే గ్లాసు ఒలుకుతుందని ఓర్చుకున్నాను. మెల్లగా తాత కళ్లు తేటపడ్డాయి.

"పొద్దున ఏం తినలేదా తాతా?"

"తిన్న."

నేల మీద జొన్నరొట్టె ముక్కలున్నాయి. పుంజు వాటిని తీరిగ్గా ఏరుకుంటోంది.

"మాత్ర నువ్వు మింగి, రొట్టె దానికి పెట్టినవా?" నాకు ఒళ్లు మండింది.

"పిల్లప్పటి సంది నా చేతుల తిన్నది బిడ్డా. ఎన్నొద్దులు బతుకుతదో ఏమో" అని తల దించుకున్నాడు.

తిట్టుకుంటూనే అన్నం కలిపి తినిపించాను. అంతలో 108 వచ్చింది. పుంజు గేటు దగ్గరికి దూసుకుపోయింది. డ్రైవర్ ఎగిరి గంతేసి, పక్కనున్న కర్ర అందుకున్నాడు.

"ఏయ్! కొట్టకు! మొక్కిన పుంజు!"

ఆ కేక నా పక్క నుంచే వచ్చింది. తిరిగి చూసేసరికి మంచం ఖాళీ. ఎడమ కాలు ఈడుస్తూ తాత వాకిలి దాటేశాడు, పుంజును గుండెలకు హత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే శంకరవ్వ కూరగాయల సంచితో గేటు దగ్గరికి వచ్చింది.

"పేషెంటు ఎవరమ్మా?" అన్నాడు డ్రైవర్. తాతను చూపించాను. అతను నమ్మలేదు.

"నడిచినవ్" అంది శంకరవ్వ.

"నడువలే" అన్నాడు తాత, పుంజును ఇంకా గట్టిగా పట్టుకుని. "ఉరికిన. నడిస్తే కోస్త అని మొక్కినవ్ గని, ఉరికితే అని మొక్కినవా?"

శంకరవ్వ అరుగు మీద కూలబడి ఏడ్చింది. "నిన్ను లేపి లేపి నా నడుం ఇరుగుతాంది. గా కోడి పానం ముద్దుగున్నదా? నా పానం పానం కాదా?"

తాత పుంజును మెల్లగా కిందికి దించాడు. అది కూడా ఎవరినీ పొడవలేదు. శంకరవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పోచమ్మకు సాక నీళ్లు పోసి, కోడిని ఇడిశిపెట్టుమని నేను బతిమాలుకుంట. గని రేపటి సంది బాలలక్ష్మి వస్తే గేటు దాక నువ్వే నడిచి పోవాలె, గా పుంజును నువ్వే పట్టాలె. నడువరాదని కూసున్నవో, గా పూటనే కోస్త!"

దవాఖానలో చూపించాలని 108 వాళ్లు తాతను ఎక్కించుకున్నారు. పుంజును ఎక్కనివ్వలేదు.

తాత దవాఖాన నుంచి ఇల్లు చేరాక మళ్లీ నేను వెళ్లిన పొద్దున, గేటు దగ్గర పిలవగానే "వస్తున్న బిడ్డా" అని తాత పలికాడు. ఒక చేత్తో కర్ర, ఇంకో చంకలో పుంజు. శంకరవ్వ అరుగు మీద కాళ్లు చాపుకుని, చాయ్ తాగుతూ చూస్తోంది. తాత గేటు దాకా వచ్చి ఆగాడు. గొళ్లెం తీయడానికి చెయ్యి ఖాళీ లేదు.

"జర గిది పట్టుకో బిడ్డా" అని గేటు మీదుగా పుంజును నాకు అందించాడు.

పట్టుకున్నాను. పొడవడమైతే పొడిచింది గానీ, గట్టిగా కాదు.