మనకి మీటరెందుకు

"బాబాయ్, బండికి జలుబు చేసింది, షెడ్డులో పడుకుంది. ఈ పూటకి ఇంకేదైనా చూసుకోండి" అని పొద్దున్నే, ఎప్పుడూ వచ్చే టాక్సీ డ్రైవరు ఫోన్ చేశాడు. సరేనని, రిటైరైన లైబ్రేరియన్ గారు వీధి చివర ఇంకో టాక్సీ ఎక్కారు. నడుపుతున్నది ఒక నడివయసు ఆవిడ. మోకాలి వ్యాయామాల క్లినిక్ దగ్గర దిగి, అలవాటుగా మూడు వందలు ఇచ్చారు. ఆవిడ డెబ్బై వెనక్కిచ్చింది.

"ఎక్కువిచ్చావమ్మా."

"లెక్క సరిగ్గానే ఉంది పెద్దాయనా. ఛార్జీలు తగ్గించి మూడు నెలలైంది, మీటర్లన్నీ మార్చేశారు. మీరసలు టాక్సీ ఎక్కరా ఏంటి?"

వారం వారం ఎక్కుతానని ఆయన చెప్పలేకపోయారు.

డ్రైవరు కొత్తవాడు కాదు. లైబ్రేరియన్ గారి భార్య మంచాన పడ్డ ఏడాదంతా ఆమెను ఆసుపత్రికి తిప్పింది అతనే. చక్రాల కుర్చీ మడిచి డిక్కీలో పెట్టేవాడు, కళ్లలో ఎండ పడకుండా అద్దానికి తువ్వాలు కట్టేవాడు. "మనకి మీటరెందుకు బాబాయ్!" అని ఒక రేటు అనుకున్నాడు. ఆ మాట వింటే ఆయనకి సొంతవాళ్ల బండి ఎక్కినట్టుండేది.

మరుసటి వారం ఆ బండే వచ్చింది.

"అబ్బాయ్, మీటరు వెయ్యి."

"మనకి మీటరెందుకు బాబాయ్!"

"వెయ్యి నాయనా. ఒక్కసారి చూద్దాం."

గేరు మీద చెయ్యి ఆగింది. "ఎవరో మీ చెవిలో ఊదినట్టున్నారు."

"ఎవరూ ఊదలేదు. చిల్లర ఇచ్చారు."

డ్రైవరు మీటరు నొక్కాడు. రెండు వీధులు దాటాక లైబ్రేరియన్ గారే అడిగారు.

"ఛార్జీలు పెరిగినప్పుడు పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పావు కదరా. తగ్గినప్పుడు ఫోన్ పనిచెయ్యలేదా?"

"ఇంట్లో ఇబ్బందులు బాబాయ్."

"అడిగితే ఇచ్చేవాణ్ణి కాదూ?"

ఆ గొంతులో కోపం లేదు. వాడు తలొంచుకుని తప్పయిందంటే, ఆయన అక్కడే మాట మార్చి టైర్ల సంగతి అడిగి ఉండేవారు. అందుకు సిద్ధపడే ఎక్కారు కూడా.

కానీ డ్రైవరుకి రోషం వచ్చింది. "డెబ్బై కోసం ఇంత పంచాయితీనా? పిన్నిగార్ని ఎన్నిసార్లు చేతుల మీద ఎక్కించాను! గంటలకి గంటలు ఆసుపత్రి బయట పడిగాపులు పడ్డాను. ఒక్కసారైనా వెయిటింగ్ అడిగానా?"

లైబ్రేరియన్ గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆ ఏడాదిలో దేవుడి మీద కూడా ఆయనకి నమ్మకం సడలింది కానీ, ఆ తువ్వాలు మీద సడలలేదు. ఆమె పోయాక, ఎవరైనా లోకం చెడిపోయిందంటే ఆ తువ్వాలే గుర్తు తెచ్చుకునేవారు.

"అడగలేదు" అన్నారు మెల్లగా. "ఇవాళ అడిగావు."

డ్రైవరు అద్దంలో ఆయన ముఖం చూసి బండి నెమ్మది చేశాడు. "నోరు జారింది బాబాయ్. ఆవిడ మాట ఎత్తకూడదు, ఎత్తేశాను."

క్లినిక్ దగ్గర మీటరు రెండు వందల ముప్పై చూపించింది. ఆయన అంతే లెక్కపెట్టి ఇచ్చారు.

"వచ్చే వారం రానా?"

రమ్మనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "వద్దు నాయనా" అన్నారు.

డ్రైవరు దిగొచ్చి, తలుపు తీసి, ఆయన మోచెయ్యి పట్టుకుని క్లినిక్ మెట్టు ఎక్కించాడు. పట్టు మెత్తగానే ఉంది. ఎప్పుడూ అంతే మెత్తగా ఉండేది. లైబ్రేరియన్ గారు థాంక్స్ చెప్పబోయి, ఇది ఏ లెక్కలోకి వస్తుందో తెలియక ఆగిపోయారు.