స్వామికి మాత్రమే తెలిసిన సంగతులు

నేను ఒక ఇత్తడి హుండీని. బుడితిలో సమ్మెట దెబ్బలు తిని పుట్టాను. నూకరత్నం పుట్టింటి దేవుడి గదిలో పదేళ్లున్నాను. పెళ్లయ్యాక ఆమెతో పాటు బొబ్బిలి వచ్చి, దర్జీ సింహాచలం గారింట్లో ఉంటున్నాను. ప్రతి శనివారం నాలో ముడుపు వేస్తారు. నిండితే తిరుపతి ప్రయాణం.

వేయడమే కాదు, తీయడమూ ఉంది. కుట్టుపని తగ్గాక సింహాచలం గారు నా దగ్గరే చేబదులు పుచ్చుకునేవారు. భక్తుడు కదా, చీటీ రాసి మరీ లోపల వేసేవారు. భార్యకు తెలియదు. ఆవిడా అదే పని చేసేది, ఆయనకు తెలియదు. దేవుడి సొమ్మన్న భయంతో ఇద్దరూ కళ్లు గట్టిగా మూసుకునే చెయ్యి పెట్టేవారు. ఇక ఒకరి చీటీ ఒకరికెలా కనబడుతుంది?

కూతురు హిమబిందుకు పదహారేళ్లు. విశాఖలో హాస్టలున్న కాలేజీలో చేరతానని పట్టుబట్టింది. సోమవారంలోగా ఇరవై వేలు కట్టాలి. "డబ్బుందా నాన్నా?" అంటే, "ఆ గొడవ నీకెందుకమ్మా, చదువుకో" అనేవారు. ఉందనుకుని పిల్ల స్నేహితురాళ్లందరికీ చెప్పేసింది.

శనివారం పూజయ్యాక హిమ, "చేరేముందు తిరుపతి వెళ్లొద్దాం" అంటూ నా మూత తీసి బోర్లించింది.

"వద్దే!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

చిల్లర కొంచెం, చీటీలు బోలెడు రాలాయి. హిమ చదివింది. "స్వామీ, కరెంటు బిల్లుకు పద్దెనిమిది వందలు. వడ్డీతో ఇచ్చుకుంటాను. సింహాచలం." ఇంకోటి. "గ్యాసు బండకు తొమ్మిది వందలు. ఆయనకు చెప్పకు స్వామీ. రత్నం."

"నువ్వూనా?" అన్నారాయన.

"మీరు మాత్రం?" అంది ఆవిడ.

"స్వామికి చెప్పావు, నాకు చెప్పలేదేం నాన్నా?"

"బెంగ పెట్టుకుంటావని..."

"ఇంకా ఏం దాచారు?"

రత్నం మెడలో గొలుసు తడుముకుంది. "ఇది కవరింగే. బంగారంది తాకట్టులో ఉంది." సింహాచలం గారు ముందుకు వంగి ఆ గొలుసును పరీక్షగా చూశారు.

హిమ పెరట్లోకి పోయి ఏడ్చింది. "చూశావా, తెలిస్తే ఇదీ!" అన్నారాయన భార్యతో. తెలియకపోతే సోమవారం ఏడ్చేది కాదా? పసివాళ్ల నెత్తిన బరువు పెట్టకూడదు, నిజమే. పదహారేళ్ల పిల్ల ఇంకా పసిదేనా? ఇత్తడిదాన్ని, నాకేం తెలుసు!

కాసేపటికి పిల్ల ముఖం కడుక్కుని వచ్చింది. "నాన్నా, ఫోనిలా ఇవ్వు. ఇక్కడి గవర్నమెంటు కాలేజీలోనే చేరతా. విశాఖ వాళ్లకు రావట్లేదని నేనే చెప్తా. నువ్వైతే మళ్లీ 'సోమవారం కట్టేస్తామండీ' అంటావు."

ఆయన ఫోను ఇచ్చారు. పిల్ల నంబరు వెతుకుతుంటే, ఎవరూ అడక్కుండానే, "దుకాణంలో నెలకు పదకొండు వేలే వస్తున్నాయమ్మా" అన్నారు. స్వామికి రాసిన చీటీల్లో కూడా ఆయన ఆ మాట ఎప్పుడూ రాయలేదు.